నీళ్ళలోకి దిగిన వాచీ, నాలుగు సెకన్ల మేస్త్రీ

వాచీల పని నేర్చుకోవాలని మలంచా పేటలో మా ఇంటికి వచ్చేవాళ్ళు మొదట అడిగేది ఒకటే. నీళ్ళలో మునిగేటప్పుడు కట్టుకునే ఖరీదైన విదేశీ వాచీల్లో ఏది మంచిది అని. మా ఖరగ్‌పూర్‌లో సముద్రం లేదు. నది కూడా ఊరికి కాస్త దూరమే. మునగాలని ముచ్చటపడితే వానాకాలంలో ఇందా పేట రోడ్డు మీద నిలిచే నీళ్ళే గతి, అవి మోకాలు దాటవు. అయినా అందరికీ రెండు వందల మీటర్ల లోతుకి పనికొచ్చే వాచీ సంగతే కావాలి.

నేను ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో గడియారాల పని చేశాను. స్టేషన్ గోడ గడియారాలు, గార్డుల చేతి వాచీలు, అధికారుల నెత్తి మీద వేలాడుతూ వాళ్ళకంటే ఎక్కువ పనిచేసే ఆఫీసు గడియారాలు. ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో రాయను, నాకే సరిగా గుర్తులేదు. నీళ్ళలోకి దిగే వాచీని ఎంచే పని నా సర్వీసులో ఒక్కసారే పడింది, ఆ వాచీనే పాడుచేశాను కూడా. ఎంచిన సంగతి చదివి పాడుచేసిన సంగతి దగ్గర పేజీ తిప్పేయకండి. మీకు పనికొచ్చేది అక్కడే ఉంది.

హల్దార్ దా రెండు మాటలు

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. ఇనుము కొట్టే చేతులు ఇంటికి ఒక జత చాలని నన్ను గడియారాల గదిలో వేయించాడు. అక్కడ నాకు పని నేర్పినవాడు హల్దార్ దా, అంటే హల్దార్ అన్న. ఇందాలో ఉండే బెంగాలీ ఆయన, పాన్ వేసుకోవడానికి తప్ప నోరు తెరిచేవాడు కాదు. మొదటి ఆరు నెలలు నన్ను ఒక్క వాచీ మూత కూడా తీయనివ్వలేదు.

ఎవరైనా వాచీ తెచ్చి బల్ల మీద పెడితే చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "చోల్‌ఛే తో?" అనేవాడు. నడుస్తోంది కదా అని. తెచ్చినవాడు అవునంటే "ఖులో నా" అని వెనక్కి ఇచ్చేసేవాడు. విప్పకు అని. ఆయన విద్య అంతా ఆ రెండు మాటలే. ఆయన్ని సోమరి అనుకున్నాం మేము. పని తప్పించుకోవడానికి బెంగాలీలో ఇంత దగ్గర దారి ఉందా అని చాటుగా నవ్వుకున్నాం. ఆయన రిటైరైన రోజు ఆయన పెట్టిన రసగుల్లాలు తిని, ఆ రెండు మాటల్నీ ఆయన వెంటే ఇంటికి పంపేశాం.

నాలుగు గంటల జబ్బు

రైల్వేలో రోజూ సాయంత్రం నాలుగు గంటలకి కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోన్లో టైము సంకేతం వస్తుంది. లైను పొడవునా ప్రతి స్టేషన్ గడియారాన్నీ దానితో సరిచూడాలి. గార్డు తన వాచీని స్టేషన్ గడియారంతో సరిచూసుకోవాలి. ఇది మంచి రూలు, లేకపోతే బళ్ళు ఒకదానికొకటి ఎదురుపడతాయి. కానీ మా ఊళ్ళో ఈ అలవాటు ఇళ్ళలోకి కూడా పాకింది. వర్క్‌షాపు సైరన్ కూసిందంటే ఆడవాళ్ళు అన్నం దించుతారు, ముసలాళ్ళు కుర్చీ ఎక్కి గోడ గడియారం ముల్లు జరుపుతారు.

నా విషయంలో అది జబ్బుగా ముదిరింది. ఎవరి వాచీ అయినా రెండు సెకన్లు తేడాగా ఉంటే నాకు వేళ్ళు దురద పెట్టేవి. ఒకసారి పెళ్ళికి వెళ్ళి, పురోహితుడి వాచీ మూడు నిమిషాలు ముందుందని గమనించి ఊరుకోలేక చెప్పేశాను. అప్పటికే ఆయన జీలకర్ర బెల్లం పెట్టించేశాడు. ముహూర్తం రాకముందే పెళ్ళి చేశాడని రెండు వైపులవాళ్ళూ ఆయన మీదికి లేచారు. తర్వాత ఆయన మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి రానన్నాడు. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంది.

వంతెన కింద పని

ఎనభైల నడుమ వంతెనల పని చూసే ఇంజనీరు సారు ఒకాయన ఉండేవాడు. పేరు రాయను, పిల్లలు మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. ఆయనకి ఏదో ఇంగ్లీషు పత్రికలో ఒక ప్రకటన కనిపించింది. గడ్డం ఉన్న తెల్లవాడు నీళ్ళ అడుగున చేపల మధ్య తన వాచీ చూసుకుంటున్నాడు. సారు ఆ కాగితం చింపి తెచ్చి నా బల్ల మీద పెట్టి, మన డైవరుకి ఇలాంటిది ఎందుకు ఉండకూడదని హిందీలో అడిగాడు. ఉండొచ్చు సార్ అన్నాను. నాకూ అలాంటి వాచీ ఒకటి చేత్తో పట్టుకోవాలని ఉంది.

మన డైవరు అంటే అప్పలస్వామి. భీమిలి దగ్గర జాలరి కుటుంబంలో పుట్టాడు, అప్పటికి యాభైకి దగ్గర పడ్డాడు. రైలు వంతెనల స్తంభాల మొదళ్ళు నీళ్ళలో ఎలా ఉన్నాయో, మట్టి కొట్టుకుపోయిందా, రాళ్ళు కదిలాయా అని చేత్తో తడిమి చూసి చెప్పడం ఆయన పని. రాగి టోపీ, రబ్బరు సూటు వేసుకుని దిగుతాడు. పడవలో ఇద్దరు ఖలాసీలు పంపు కొట్టి గొట్టంలోంచి గాలి పంపుతారు. ఆయన నడుముకి కట్టిన తాడు పట్టుకునేది బామ్మర్ది సింహాచలం. తాడు బామ్మర్దే పట్టాలని వాళ్ళలో కట్టుబాటు. అన్నదమ్ములకి ఆస్తి మీద కన్ను ఉండొచ్చు గానీ, సొంత అక్క పసుపుకుంకాలు పోగొట్టే తమ్ముడు ఉండడని వాళ్ళ నమ్మకం.

అన్నిటికంటే చెడ్డ చోటు కోలాఘాట్. అక్కడ రూప్‌నారాయణ్ నదికి సముద్రపు పోటు తగులుతుంది. నీళ్ళు కొన్ని గంటలు పైకి, కొన్ని గంటలు కిందికి ఉరుకుతాయి. ఆ రెండింటి మధ్య ఒక అరగంట నిలబడతాయి. అప్పలస్వామి ఆ అరగంటలో దిగి, పని చూసుకుని పైకి రావాలి. ఆలస్యమైతే ప్రవాహం మనిషిని తీసుకెళ్ళి స్తంభానికేసి కొడుతుంది, గాలి గొట్టం చుట్టుకుంటుంది. టైము తప్పితే మనిషి దక్కడు.

ఆ అరగంటని బావా బామ్మర్దీ కొబ్బరికాయతో కనిపెట్టేవారు. పీచు తీయని ఎండు కాయకి పసుపు రాసి, దారం కట్టి సింహాచలం నీళ్ళలో వదిలేవాడు. దారం బిగుసుకుంటే నీరు కదులుతోందని. వదులైతే నిలబడిందని, దిగొచ్చని. కాయ రెండోవైపు లాగడం మొదలుపెడితే సింహాచలం తాడు మూడుసార్లు గుంజేవాడు, అప్పలస్వామి పైకి వచ్చేసేవాడు. పసుపు చూసి సారూ నేనూ అది గంగమ్మ పూజ అనుకున్నాం. వాచీ వచ్చాక ఈ కొబ్బరికాయల నాటకం ఉండకూడదని సారు ఆర్డరు వేశాడు. పోటు పట్టిక చూసి డైవరుని దించాలి, ఇరవై అయిదు నిమిషాలు కాగానే అతనే వాచీ చూసుకుని రావాలి, తాడు పట్టేవాడు తాడే పట్టుకోవాలి. నేను పక్కనే నిలబడి తల ఊపాను.

కళ్ళు మూసుకుని ఎంచిన వాచీ

విదేశీ వాచీలు సులువుగా దొరకని రోజులవి. ఫైలు ఎలా కదిలిందో వదిలేస్తాను. ఆ దారిలో ఖరీదైన వాచీ కాస్తా 'నీటి అడుగున వాడదగిన కాలమాపక పరికరము' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు తగిలించుకుందని మాత్రం చెబుతాను. కలకత్తాలో ఒక పెద్ద షాపుకి ముగ్గురం వెళ్ళాం. అప్పలస్వామిని తీసుకెళ్ళింది ముంజేతి కొలత కోసమే. షాపతను ఆయన చెప్పులు చూసి తలుపు పక్కన కుర్చీ చూపించాడు.

నల్ల మఖమలు గుడ్డ మీద మూడు వాచీలు పెట్టారు. ఒకదానికి బంగారు అంచు. సారు దాన్ని తన చేతికే పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్నాడు. అప్పలస్వామి నీళ్ళలో లేని రోజుల్లో ఆ పరికరం ఎవరి చేతికి ఉండబోతోందో నాకు అర్థమైంది. నాకు నచ్చింది రెండోది, పల్చగా ఉంది. ఫ్యాక్టరీలో దాని టైము పరీక్షించి ఇచ్చిన కాగితం కూడా ఉంది. ఆ కాగితం చూసి నాకు పెళ్ళిచూపుల్లో కూర్చున్నంత సంబరం. సారు తనది, నేను నాది అని అరగంట వాదించుకున్నాం.

అప్పలస్వామి లేచి వచ్చి, "ఒకపాలి నాకియ్యండి బాబూ" అన్నాడు. భుజం మీది తువ్వాలు మంచినీళ్ళ గ్లాసులో తడిపి వేళ్ళకి చుట్టుకున్నాడు. నీళ్ళ కింద వేళ్ళు మొద్దుబారితే ఎలా ఉంటాయో అలా అన్నమాట. కళ్ళు మూసుకుని వాచీలు ఒక్కొక్కటే తడిమాడు. ఇలాంటి వాచీలకి అద్దం చుట్టూ తిరిగే రింగు ఒకటి ఉంటుంది. దిగేటప్పుడు దాని గుర్తుని నిమిషాల ముల్లుకి ఎదురుగా పెడితే, దిగి ఎంతసేపైందో తర్వాత దాని మీదే చూసుకోవచ్చు. బంగారు అంచు వాచీకి రింగు రెండువైపులా జారిపోతోంది. నా పల్చటి వాచీ రింగు తడిగుడ్డకి చిక్కనే లేదు. మూడోది ఉక్కు వాచీ. పెద్ద నట్టులాగా ఉంది, మేమిద్దరం దానివైపు చూడనైనా లేదు. దాని రింగు టిక్కు టిక్కుమంటూ ఒకవైపే తిరిగింది. అప్పుడు కళ్ళు తెరిచి, దాన్ని దోసిట్లో మూసి, వేళ్ళ సందులోంచి చూసి ముళ్ళు పచ్చగా వెలుగుతున్నాయన్నాడు.

"ఇది ఎనక్కి తిరగదు బాబూ. దేనికన్నా తగిలి తిరిగినా బేగి పైకి పొమ్మంటాది గానీ, ఉండిపొమ్మనదు."

ఆ రింగు ఒకవైపే తిరిగేలా చేసింది అందుకేనని నాకు అప్పుడు తెలిసింది. అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది నా సర్వీసు. షాపతను తలుపు పక్కనున్న కుర్చీ తెచ్చి బల్ల దగ్గర వేశాడు. సూటు చేతి మీద నుంచి కట్టుకోవడానికి పొడవు పట్టీ కూడా కావాలని అప్పలస్వామి కూర్చుని అడిగాడు. సారు బంగారు వాచీ విప్పి ఇచ్చేసి, ఉక్కుదానికి బిల్లు రాయమన్నాడు.

నా చేత్తోనే

ఆ వాచీ రోజుకి నాలుగు సెకన్లు ముందుకు పోయేది. అరగంట లెక్క చూసుకునే మనిషికి నాలుగు సెకన్లు ఏం లెక్క? కానీ నాకు నిద్ర పట్టలేదు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇలాంటి వాచీకి పక్కనుండే కీ బొడిపె మరలాగా లోపలికి బిగుస్తుంది. అది పూర్తిగా బిగిసి ఉన్నంతవరకే నీరు లోపలికి పోదు. ముల్లు జరపాలంటే ఆ మర విప్పాలి. నేను అప్పలస్వామిని రోజూ నాలుగు గంటలకి గడియారాల గదికి రప్పించి, సంకేతం రాగానే మర విప్పి, ముల్లు సరిచేసి, మళ్ళీ బిగించేవాణ్ణి. ఇలా రెండు నెలలు. తాళం సరిగ్గా పడిందో లేదోనని రోజూ తలుపు తీసి చూసుకునేవాడి తెలివి నాది.

కోలాఘాట్‌లో దిగే రోజు నేనూ వెళ్ళాను. నాకక్కడ పనేమీ లేదు, నా వాచీ నీళ్ళలోకి దిగడం చూడాలని. సారు రాలేదు. పడవ ఎక్కేముందు స్టేషన్ గడియారం దగ్గర ఆగి, వాచీ మర విప్పి మరోసారి సరిచేశాను. ఒడ్డు నుంచి రమ్మని కేకలు వేస్తున్నారు. బొడిపె రెండు చుట్లు తిప్పి బిగిసిందనుకుని ఇచ్చేశాను.

పడవలో సింహాచలం కొబ్బరికాయకి దారం కడుతున్నాడు. సారు వద్దన్నారు కదా అన్నాను. "పసుపు రాయనేదు కదా బాబూ, అంచేత పూజ కాదు" అన్నాడు. అప్పలస్వామి వాచీ రింగు తిప్పుకుని దిగాడు. నేను నా చేతి వాచీ చూసుకుంటూ నిలబడ్డాను. మామూలు దేశవాళీ వాచీ, ముందు రోజు సాయంత్రమే సంకేతంతో సరిచేసుకున్నది.

ఇరవై అయిదు నిమిషాలయ్యాయి. ఇరవై ఆరు. ఇరవై ఏడు. అప్పలస్వామి రాలేదు. అప్పుడు నేనేం అనుకున్నానో దాచకుండా రాస్తాను. నా వాచీయే తప్పు చెబుతోందేమో అనుకున్నాను. నేనే సరిచేసిన వాచీ, నా చేతికే ఉన్న వాచీ, దాన్ని నమ్మలేదు. ఖరీదైనది కింద ఉంది, నిజం దానికే తెలుసు అనుకున్నాను.

"కాయ తిరిగినాది బాబూ" అన్నాడు సింహాచలం. చూస్తే కాయ రెండోవైపుకి పోయి దారం బిగుసుకుంటోంది.

"ఆగరా. వాచీ అప్పలస్వామి మామ సేతికే ఉంది. టైమైతే ఆయనే ఒస్తాడు" అన్నాను.

అతను నా వైపు చూడలేదు. "మా అక్కకి జవాబు సెప్పాల్సింది నాను. మీరూ కాదు, మీ వాచీ కాదు" అని తాడు మూడుసార్లు గుంజాడు.

అప్పలస్వామి పైకి వస్తుంటే సగంలో ప్రవాహం పట్టేసింది. తాడు పక్కకి లాగేసింది. సింహాచలం అరచేతులు ఒరుసుకుపోయినా తాడు వదల్లేదు, నేనూ పడవ నడిపే అతనూ వెనక నుంచి పట్టి లాగాం. నీళ్ళ కింద ఆయన భుజం స్తంభం రాళ్ళకి కొట్టుకుంది. పడవలోకి లాగి రాగి టోపీ విప్పగానే ఆయన బామ్మర్దిని కోప్పడ్డాడు. "ఇరవై నిమిషాలు కూడా అవనేదు కదరా, ఎందుకు లాగినావు?" అని. తర్వాత చేయి తిప్పి వాచీ చూశాడు. అద్దం లోపల ఆవిరి పట్టి ఉంది. ముళ్ళు ఆయన దిగిన పద్దెనిమిదో నిమిషం దగ్గర ఆగిపోయాయి.

"నాలుగైదు సార్లు సూసినాను. ఈ యాల టైము మెల్లగా నడస్తంది అనుకున్నాను" అన్నాడు.

కీ బొడిపె ఒక మర పైకి లేచి ఉంది. నేను చూశాను, వేరే ఎవరూ చూడలేదు. నాలుగు సెకన్ల కోసం ఒక మనిషిని చంపబోయానని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఆ భయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మర్నాడు సారు గదిలో

అప్పలస్వామి ఆసుపత్రిలో ఉన్నాడు. సారు ముందు రెండు దారులున్నాయి. వాచీ ఫ్యాక్టరీ లోపం అని రాయాలి, లేదా సింహాచలం ఆర్డరు మీరి తాడు లాగి డైవరుని గాయపరిచాడని రాయాలి. మొదటిది రాస్తే వాచీ కొన్నది తప్పని తేలుతుంది. అందుకని సారు రెండోదానికి కాగితం తీశాడు. సింహాచలం రెండు చేతులకీ కట్లు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అతని ఉద్యోగం పోయేలా ఉంది.

ఫ్యాక్టరీ లోపమే సార్ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అది చెప్పినా సింహాచలం బయటపడతాడు, నేనూ బయటపడతాను. కానీ ఆ షాపులో తడిగుడ్డ చుట్టుకుని అప్పలస్వామి ఎంచిన వాచీని లోపం అనడానికి నాకు నోరు రాలేదు. బొడిపె సరిగా బిగించనిది నేనే అని చెప్పాను. ఎన్నిసార్లు విప్పావని సారు అడిగాడు. రోజూ అన్నాను. ఎందుకని అడిగాడు. నాలుగు సెకన్లు ముందుకి పోతోంది సార్ అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు కంటే, సింహాచలం కాగితం చింపేసి తర్వాత నాకిచ్చిన మెమోయే నయం. గుమ్మం దగ్గర విన్న ప్యూను పుణ్యాన మర్నాటికల్లా ఊళ్ళో నా పేరు నాలుగు సెకన్ల మేస్త్రీ అయిపోయింది. రిటైరయ్యే రోజు దండ వేసినవాళ్ళు కూడా ఆ పేరుతోనే పిలిచారు.

అడిగేవాళ్ళకి

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. డయలు మీద రాసిన మీటర్లు చూసి మురిసిపోకండి. అవి ఫ్యాక్టరీలో కొత్త వాచీకి, కదలని నీళ్ళలో పెట్టిన పరీక్ష. రింగు ఒకవైపే తిరుగుతుందా చూడండి. తడి చేతికి చిక్కుతుందా చూడండి. దోసిట్లో మూసి ముళ్ళు కనిపిస్తాయా చూడండి. మర బిగిసే బొడిపె, లోపలి రబ్బరు వాషరు, ఈ రెండే వాచీని కాపాడతాయి. మిగతాదంతా పెళ్ళిళ్ళలో చూపించుకోవడానికి. వాషరు ముసలిదవుతుంది, కొన్నేళ్ళకోసారి మార్చాలి. మార్చే మేస్త్రీ చేతులు ఎలాంటివో వాచీ కొనకముందే చూసుకోండి.

రిటైరయ్యాక ప్రేమ్ బజార్ పక్కనున్న ఇంజనీరింగు కాలేజీ క్యాంపస్ నుంచి ఒక ప్రొఫెసరు గారు అలాంటి వాచీయే తెచ్చారు, లోపలంతా ఆవిరి. ఆయన ఎప్పుడూ చెరువులో కూడా దిగలేదు. గీజరు నీళ్ళతో స్నానం చేసేటప్పుడు కూడా విప్పేవారు కాదట. వేడికి పాత వాషరు సాగిపోయింది. నీరు లోపలికి పోయే వీలే లేదని లెక్కలు వేసిన కాగితం ఒకటి చూపించారు. నీళ్ళు ఆ కాగితం చదవలేదండీ అన్నాను. కోపగించుకున్నారు గానీ వాచీ నా దగ్గరే వదిలారు.

అప్పలస్వామి భుజం నయం కావడానికి చాలా నెలలు పట్టింది. వాచీని నేనే శుభ్రం చేసి, కొత్త వాషర్లు వేసి, బొడిపె ఆగేదాకా బిగించాను. మళ్ళీ కోలాఘాట్ వెళ్ళిన రోజు ఆయన పాత అలవాటు కొద్దీ నా ముందు చేయి చాపాడు.

"సరి సూడండి బాబూ. మూడు రోజులైనాది."

చూశాను. పన్నెండు సెకన్లు ముందుంది. వేళ్ళు దురద పెట్టాయి.

"నడస్తందా మామా?" అన్నాను.

"నడస్తంది."

"అయితే ఒగ్గీ."

వదిలెయ్యమన్నాక గానీ అవి హల్దార్ దా మాటలేనని నాకు తట్టలేదు. సింహాచలం కొబ్బరికాయ తీశాడు. ఈసారి పసుపు దట్టంగా రాశాడు. సారు పడవలోనే ఉన్నాడు, ఒడ్డువైపు చూస్తూ కూర్చున్నాడు. కాయ నీళ్ళలో వదిలి దారం కొస నా చేతికిచ్చి, "ఊరికే నిల్సోకండి, ఇది పట్టుకోండి" అన్నాడు సింహాచలం. పట్టుకున్నాను. దారం వదులవగానే అప్పలస్వామి దిగాడు, అది వదులుగా ఉన్నంతసేపూ దాన్నే చూశాను. అది వేలి మీద బిగుసుకోగానే "తిరిగినాది" అన్నాను. అతను తాడు గుంజాడు. అప్పలస్వామి నిదానంగా, ఏ దెబ్బా లేకుండా పైకి వచ్చాడు.

ఎన్ని నిమిషాలకి వచ్చాడని రిజిస్టరు రాసే గుమాస్తా నన్నే అడిగాడు, గడియారాల మనిషిని కదా అని. తెలియదన్నాను. నా చేతి వాచీ నేను ఒక్కసారి కూడా చూసుకోలేదు.